ముప్పై ఆరింట ఒక్కటి: ఐరిస్ ప్రేమికుల ఓపిక లెక్క

వసంతకాలపు ఉదయం. అప్పుడే విచ్చుకున్న పువ్వు ముందు ఒకాయన చిన్న పట్టకారు పట్టుకుని కూర్చున్నారు. తేనెటీగ రాకముందే పని ముగించాలి. ఆయన వృక్షశాస్త్రవేత్త కానక్కరలేదు. బడిపంతులో, పదవీ విరమణ చేసిన ఉద్యోగో కావచ్చు. 1920లో ఏర్పడిన అమెరికన్ ఐరిస్ సొసైటీ వంటి సంఘాలు ఇలాంటి తోటప్రేమికులతోనే నడుస్తున్నాయి. కొత్త రంగు ఐరిస్‌ను పుట్టించడమే వారి వ్యసనం.

తేనెటీగ పని మనిషి చేస్తే

గ్రీకు పురాణాల్లో ఇంద్రధనుస్సు దేవత పేరు ఐరిస్. ఆ పేరు ఈ పువ్వుకు తగినదే. మూడు రేకులు పైకి లేచి ఉంటాయి, మూడు కిందికి వాలి ఉంటాయి. వాలిన రేకుల మీద గడ్డంలాంటి నూగు తేనెటీగకు దారి చూపుతుంది.

సంకరం చేసేవారు ముందుగా ఈ వాలు రేకులను తుంచేస్తారు. ఇక తేనెటీగ వాలడానికి చోటుండదు. తర్వాత ఒక పువ్వు పుప్పొడిని పట్టకారుతో తీసి, మరో పువ్వు కీలాగ్రానికి రాస్తారు. కాడకు చీటీ కట్టి తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత రాస్తారు. సుమారు రెండు నెలలకు కాయ పండుతుంది. గింజ మొలవాలంటే చలి తగలాలి. మొలక పువ్వు చూపడానికి మరో రెండు మూడేళ్ళు పడుతుంది.

ఆచార్యుడి తోటలో చిక్కుముడి

యూరప్ తోటల్లోని పాత ఐరిస్‌లలో 24 క్రోమోజోములు ఉండేవి. కేంబ్రిడ్జ్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన మైకేల్ ఫాస్టర్ 19వ శతాబ్దం చివర్లో టర్కీ ప్రాంతం నుంచి పెద్ద పూల ఐరిస్‌లను తెప్పించి, పాతవాటితో కలిపారు. సంతానం గింజ కట్టడం మాత్రం చాలా అరుదు.

కారణం ఆయన మరణించిన చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. కొత్తగా వచ్చినవాటిలో 48 క్రోమోజోములు ఉన్నాయి. పాతవాటితో కలిస్తే సంతానానికి 36 వస్తాయి. అవి సరిగా జతపడవు కనుక గింజలు తక్కువ. ఎప్పుడో ఒకసారి 24 క్రోమోజోముల మొక్క తన వాటాగా 12కు బదులు మొత్తం 24నూ ఇచ్చేస్తుంది. అప్పుడు 48 ఉన్న, చక్కగా గింజ కట్టే సంతానం పుడుతుంది. నేటి ఎత్తైన గడ్డపు ఐరిస్‌లన్నీ దాదాపు ఇలాంటి వంశాలే. తొలినాటి సంకరాల్లో మన కశ్మీర్ ఐరిస్‌కూ పాత్ర ఉంది. అక్కడ సమాధుల మీద ఈ పువ్వును పెంచడం పాత ఆచారం.

36లో ఒకటి

48 క్రోమోజోములంటే ప్రతి జన్యువుకూ రెండు కాదు, నాలుగు ప్రతులు. ఐరిస్‌కు గులాబీ రంగునిచ్చేది లైకోపీన్. టమాటాను ఎర్రగా చేసేదీ అదే. దాన్ని బయటపెట్టే జన్యువు అంతర్గత లక్షణం కలది. నాలుగు ప్రతులూ అదే అయితే గానీ రంగు కనబడదు.

రెండేసి ప్రతులున్న రెండు మొక్కలను కలిపారనుకోండి. ఒక్కో మొక్క ఆ రెండు ప్రతులనూ కలిపి అందించే అవకాశం ఆరింట ఒకటి. రెండు వైపులా అలా జరగాలి కనుక సగటున 36 మొలకల్లో ఒక్కటే గులాబీ రంగు పూస్తుంది. రెండు ప్రతులే ఉండే మొక్కల్లో అయితే నాలుగింట ఒకటి వచ్చేది. అమెరికాలో డేవిడ్ హాల్ వంటివారు 1940లలో అందించిన గులాబీ ఐరిస్‌ల వెనుక ఈ ఓపిక ఉంది.

దొరకని ఎరుపు

మందారం లాంటి నిఖార్సైన ఎరుపు ఐరిస్ మాత్రం ఇంతవరకూ రాలేదు. ఎన్నో ఎర్రపూలలో కనిపించే పెలార్గోనిడిన్ అనే వర్ణకం ఐరిస్‌లో లేకపోవడమే చిక్కు. దానిలో ప్రధానంగా ఉన్నది నీలి ఊదా చాయనిచ్చే డెల్ఫినిడిన్. ‘ఎరుపు’ పేరుతో వచ్చే రకాల్లో ఊదా, పసుపు కలిసి ఇటుక రంగు కనబడుతుంది, అంతే. ఉన్న జన్యువులను ఎంత తిరగేసి కలిపినా లేనిది పుట్టదు.

పేరు నిలవాలంటే

నచ్చిన మొక్కను గింజతో పెంచితే అదే పువ్వు రాదు. అందుకే అల్లం, పసుపు మాదిరిగా కొమ్ము విరిచి నాటుతారు. ఒక రకం ఎన్ని తోటల్లో ఉన్నా అదంతా ఒకే మొక్క తాలూకు ముక్కలే. ఎవరూ విరిచి నాటకపోతే ఆ రకం శాశ్వతంగా పోతుంది. చీటీ పోతే మొక్క ఉన్నా వంశం తెలియదు. అందుకే కొత్త రకాల పేర్లనూ, తల్లిదండ్రుల వివరాలనూ సొసైటీ నమోదు చేస్తుంది. పాత రకాలను వెతికి కాపాడే ఔత్సాహికులూ ఉన్నారు.

వీరికి ప్రయోగశాల లేదు. ఉన్నది పట్టకారు, చీటీ, నోటుపుస్తకం. తల్లి ఎవరో, తండ్రి ఎవరో తప్పకుండా రాసిపెట్టుకోవడం వల్లే పెరటి సరదా జన్యుశాస్త్రానికి పనికొచ్చే ఆధారమైంది.