ఇంటి ముచ్చట్లకూ ఒక పుస్తకం

బచ్చన్నపేట : సంక్రాంతి వారం రోజులుందనగానే ఇక్కడి ఇండ్లలో తెల్లటి గుడ్డలు పరుచుకుంటాయి. కొత్త బియ్యం నానబోసి, వడగట్టి, తడి మీదనే గిర్నీలో పట్టించి, ఆ పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు చుట్టూ కూర్చొని, పిండిని వేళ్ల నడుమ మెలితిప్పుతూ గుడ్డ మీద సకినాలు చుడతారు. చేతులు పనిలో ఉంటే నోళ్లు ముచ్చట్లలో ఉంటాయి. మొదటి వాయి నూనెలో నుంచి తీయగానే పిల్లలు గంప చుట్టూ మూగుతారు. సినిమా టిక్కెట్టు అక్కరలేని వినోదం అది.

ఎన్ని సోలల బియ్యానికి ఎన్ని నువ్వులు, ఎంత వాము అని పెద్దవాళ్లను అడిగితే లెక్క చెప్పరు. "చెయ్యికే తెలుస్తది" అంటారు. ఆ మాట నిజమే. ఆ చెయ్యి ఇంట్లో ఉన్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ చెయ్యి పోయిన ఇంట్లో మాత్రం మరుసటి పండుగకే సంగతి తెలిసివస్తుంది. కోడలు చుట్టిన సకినం గట్టిపడుతుంది, బిడ్డ చుట్టింది నూనె పీలుస్తుంది. "అత్త చేసినట్లు లేదు", "అమ్మ చేసినట్లు లేదు" అని అందరూ అనేవారే గాని, ఆమె ఎట్లా చేసేదో చెప్పగలవారు ఒక్కరూ ఉండరు. చివరకు మిఠాయి దుకాణంలో కిలో లెక్కన కొని తెచ్చుకొని పండుగ గడుపుతారు.

పోయింది ఒక పిండివంట మాత్రమే కాదు. ఒక మనిషి బతుకంతా సంపాదించిన విద్య ఆమెతోపాటే మట్టిలో కలిసిపోయిందన్నమాట.

తెగిన గొలుసు

పూర్వం ఈ బాధ లేదు. తల్లి పొయ్యి దగ్గర కూర్చుంటే బిడ్డ పక్కన కూర్చొని చూసి నేర్చుకునేది. అత్తగారింటికి వెళ్లాక అక్కడి పద్ధతి అత్త దగ్గర నేర్చుకునేది. కాగితం, కలం లేకుండానే విద్య ఒక చేతి నుంచి మరొక చేతికి దిగేది. దగ్గరలోని కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు రంగుపొడులతో వేసే పట్నం నేటికీ అట్లాగే తండ్రి నుంచి కొడుక్కు వస్తున్నది.

ఇండ్లలో మాత్రం ఆ గొలుసు తెగిపోతున్నది. బచ్చన్నపేట ప్రాంతం కరువుకు పేరుపడిన మెట్ట నేల. వాన ముఖం చాటేసిన ప్రతిసారీ సగం ఊరు బతుకుదెరువుకు హైదరాబాద్ బాట పట్టడం పరిపాటి అయింది. ఆ మీదట పిల్లల చదువులు వచ్చాయి. ఆడపిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే పొయ్యి దగ్గర కూర్చొని చూసే పిల్ల ఇంట్లో లేకుండా పోయింది. చూసి నేర్చుకునే వీలు లేనప్పుడు రాసిపెట్టి నేర్పడం తప్ప మరో దారి లేదు.

ముగ్గుల పుస్తకం ముందే ఉన్నది

ఇంటి విద్యను రాసి దాచుకోవడం ఇక్కడి ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. పెండ్లీడు ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో ఒకప్పుడు ముగ్గుల పుస్తకం ఉండేది. బడి నోటుబుక్కులో మిగిలిన కాగితాలన్నీ ధనుర్మాసం వచ్చేసరికి చుక్కలతో నిండిపోయేవి. ఒకరి పుస్తకం మరొకరు అడిగి తీసుకొని ఎక్కించుకునేవారు.

ఆ పుస్తకంలో రాత చాలా పొదుపు. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని ఒక్క వరుస రాస్తే చాలు, చదివినామెకు ముగ్గంతా అర్థమవుతుంది. నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకి, కిందికి ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 దాకా పోవాలి. మొత్తం 169 చుక్కలు వస్తాయి. అదే 15 చుక్కలు "సరి చుక్క, 1 వరకు" అంటే రెండేసి తగ్గించాలి. అప్పుడు 113 చుక్కలే వస్తాయి. ఏ లెక్కల పంతులూ చెప్పకుండానే ఇంత లెక్కను చీకటితో లేచి వాకిట్లో వేసేవారు.

ముగ్గుకు పుస్తకం ఉన్నప్పుడు సకినానికి ఎందుకు ఉండకూడదు? తొక్కుకు, పాటకు, పొడుపుకథకు ఎందుకు ఉండకూడదు?

రాయడానికి ఏమున్నది?

"మా ఇంట్ల రాసేటంత ముచ్చట ఏమున్నది?" అని చాలామంది గృహిణులు అంటారు. ఒక్క ఏడాది లెక్క చూస్తే ఎంత ఉన్నదో తెలుస్తుంది.

మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేపల కూర వండని ఇల్లు అరుదు. వానలు పడ్డాక చేనులో విరిచిన మక్కకంకి నిప్పుల మీద కాలుతుంటే వచ్చే వాసన ఆ కాలానిదే. ముసురు పట్టిన సాయంత్రం సర్వపిండి చేస్తారు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె లోపలి వైపు పలుచగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కొక్క బొక్కలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాలుస్తారు. వేడి గిన్నెకు పిండి అంటుకోదు కనుక రెండో వాయికి గిన్నె చల్లారాలి. అందుకే పిల్లలు ఎక్కువున్న ఇంట్లో రెండు గిన్నెలు పెట్టుకుంటారు. ఇది తెలియక కొత్త కోడళ్లు తిప్పలు పడటం కద్దు.

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్లున్నాయి. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అయ్యాక ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆనాడు నైవేద్యం ఉండదు. తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు వచ్చి, చివరి రోజు సద్దులు. తంగేడు ఎక్కడ దొరుకుతుంది, గునుగుకు రంగు ఎట్లా అద్దాలి, పెద్ద బతుకమ్మ ఒరిగిపోకుండా నడుమ ఏం నింపాలి అన్నది ప్రతి ఇంటికీ ఒక సొంత తెలివి. ఊరూరికీ పాట మారుతుంది, వాడవాడకూ వరుస మారుతుంది.

చలికాలం రాత్రి మంట చుట్టూ చెప్పుకునే కథలు, ఎండాకాలం మామిడికాయ తొక్కు, మిద్దె మీది వడియాలు, పొద్దుటి అంబలి, నీడపట్టున అష్టాచెమ్మ, పచ్చీసు, రాత్రి వాకిట్లో నులకమంచం. ఇవన్నీ కలిస్తేనే ఏడాది. పంట పండిన ఏడూ, ఎండిన ఏడూ మనిషిని నిలబెట్టేవి ఈ చిన్న సంతోషాలే అంటే అతిశయోక్తి కాదు.

పేర్లు మిగిలాయి, పాటలు పోయాయి

ఇటువంటి సంగతులు రాసిపెట్టకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. పాల్కురికి సోమనాథుడు ఈ జిల్లాలోని పాలకుర్తివాడుగా ప్రసిద్ధుడు. కాకతీయుల కాలంలో ఆయన రాసిన 'పండితారాధ్య చరిత్ర'లో శివభక్తుల కథలతోపాటు జనం ఆటలు, పాటలు, బట్టల పేర్లు కూడా చోటు చేసుకున్నాయి. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు ఆనాడు పాడుకునేవారని ఆయన చెప్పడం వల్లనే నేడు తెలుస్తున్నది. కాని ఆ పాటలు పాడుకున్న ఆడవాళ్ల మాటలను ఎవరూ రాసుకోలేదు. పేర్లు మిగిలాయి, పాటలు పోయాయి.

'గోలకొండ పత్రిక' స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెదికారు. అందుకు ఆయన కావ్యాలు, శతకాలు జల్లెడపట్టవలసి వచ్చింది. సోమనాథుని పుస్తకం ఆయనకు ఎంతో అక్కరకు వచ్చింది. 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం అదే.

ఉన్నది ఉన్నట్లు రాసి పెట్టిన వారూ ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి, హైదరాబాద్ మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఏ ఊళ్లో బస దొరికింది, ఏ సరుకులు దొరికాయి, దారి ఎట్లా ఉన్నది అని ఏనాటికానాడు రాసి స్నేహితునికి పంపారు. అది 'కాశీయాత్ర చరిత్ర' పేరిట 1838లో అచ్చయింది. ఆయనకు మామూలు విషయాలుగా తోచినవే నేడు చరిత్రకారులకు బంగారమయ్యాయి.

గంగవ్వ, మస్తానమ్మ

అంత పెద్ద పండితులు, ఉద్యోగులు గనుక రాశారు, మనకెక్కడ వీలవుతుందనే వారికి జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వే సమాధానం. బీడీలు చుట్టి, కూలికి పోయి పిల్లలను సాకిన మనిషి. బడి చదువు లేదు. అదే ఊరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' మొదలుపెట్టి, తర్వాత ఆమె చేత పల్లె ముచ్చట్లు చెప్పించి సెల్‌ఫోన్లలో జనానికి చూపించాడు. ఆమె కొత్త భాష నేర్వలేదు, వేషం మార్చలేదు. ఇంటి ముందర మాట్లాడినట్లే మాట్లాడింది. 2020 నాటికి ఇంటింటి టీవీలోనూ కనిపించింది.

గుంటూరు జిల్లా తెనాలి దగ్గరి గుడివాడకు చెందిన మస్తానమ్మ నూరేండ్లు దాటిన వయసులో పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే, మునిమనుమడు, అతని స్నేహితుడు కలిసి 2016 నుంచి ఆ వంటలను చిత్రించారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసింది. ఆమె కోసిన తీరు, నూరిన తీరు, తిట్టిన తీరు సహా వంట మాత్రం నిలిచిపోయింది. ఆ మునిమనుమడు పక్కన కూర్చొని చూడకపోతే ఆ చెయ్యి కూడా అన్ని చేతుల్లాగానే మాయమయ్యేది.

అందరూ పేరు తెచ్చుకోనక్కరలేదు. ఇంటి వరకు నిలిస్తే చాలు.

ఎట్లా రాయాలి?

ఇందుకు ఒక వంద పేజీల నోటుబుక్కు చాలు. ముందుగా ఇంట్లోని సోలను నిండా బియ్యంతో నింపి, కిరాణా దుకాణంలో తూచి, ఎన్ని గ్రాములో మొదటి పేజీలో రాసుకోవాలి. అంచు దాకా కొలిచారా, గుమ్మిగా కొలిచారా అన్నదీ రాయాలి. రేపు ఆ సోల పోయినా లెక్క పోదు. పిడికెడు, చిటికెడు అన్నవాటిని కూడా ఒకసారి పెద్దామె చేత తీయించి తూచుకోవాలి. ఎందుకంటే పిడికెడు అంటే ఆమె పిడికెడే.

తారీఖుతోపాటు కార్తె, పండుగ రాయాలి. ఆ ఏడు వాన పడిందా లేదా, నువ్వులు కిలో ఎంతకు కొన్నారు అన్నవి ఒక వరుసలో రాస్తే పదేండ్ల తర్వాత అదే ఇంటి చరిత్ర అవుతుంది. వంట ఎవరు నేర్పారో, ఆమె పుట్టినిల్లు ఏ ఊరో రాయడం మరువరాదు. చెడిపోయిన వంట సంగతీ రాయాలి. ఎందుకు చెడిందో తెలిస్తే మరొకరు ఆ తప్పు చేయరు.

పెద్దామెకు అక్షరాలు రాకపోతే ఎండాకాలం సెలవుల్లో మనుమరాలిని పక్కన కూర్చోబెట్టవచ్చు. అవ్వ చెబుతుంటే పిల్ల రాస్తుంది. పిల్లకు తెలుగు రాత బాగుపడుతుంది, అవ్వకు తన మాటకు విలువ ఉన్నదని తెలుస్తుంది. అవ్వ అన్న మాటను పుస్తకాల భాషలోకి మార్చకుండా ఆమె అన్నట్లే రాయాలి.

బతుకమ్మ పాటల వరుస కాగితం మీదికి రాదు. దానిని సెల్‌ఫోనులో పట్టుకోవాలి. అయితే ఫోను నీళ్లలో పడితే అందులోని పాట కూడా పోతుంది. కనుక మరో ఫోనులోకి ఎక్కించి, పాట మాటలు పుస్తకంలోనూ రాసుకోవడం మంచిది. పుస్తకాన్ని తడి తగలని చోట, నడుమ ఎండిన వేపాకు పెట్టి ఉంచుకుంటే పురుగు పట్టదు.

చీర నారల కన్న, కుండబియ్యం కన్న విలువైన సారె ఇది. బిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు సామానుతోపాటు తల్లి చేతిరాత పుస్తకం ఒకటి పెట్టిన నాడు, ఆ బిడ్డ ఏ ఊళ్లో ఉన్నా, ఏ దేశంలో ఉన్నా సంక్రాంతికి ఫోను చేసి వాము ఎంత అని అడగనక్కరలేదు. ఫోను ఎత్తే అమ్మ లేని ఏడు కూడా ఆమె సకినం అమ్మ చేసినట్లే ఉంటుంది.