పట్టాల మధ్య దూరం

పరవాడ వైపు బొగ్గు బండి పోతుంటే ఎప్పుడైనా చూశారా? పెట్టె వెనక పెట్టె. యాభైకి పైగా పెట్టెలు. లెక్కపెడుతూ ఉంటే మధ్యలో లెక్క తప్పిపోతుంది. ఒక్కో పెట్టెలో 55 టన్నులకు పైగా బొగ్గు పడుతుంది. ఈ బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి వస్తుంది. పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రంలో 2002 నుంచి ఇలా బొగ్గు మండించి కరెంటు తీస్తున్నారు.

ఇంత బరువును మోసేవి రెండే రెండు ఇనుప పట్టాలు. ఆ రెండు పట్టాల మధ్య దూరం ఎంత?

5 అడుగుల 6 అంగుళాలు. మన కొలతలో చెప్పాలంటే మూడున్నర మూరల నాలుగు వేళ్లు. దువ్వాడలో అయినా, తాడిలో అయినా, అనకాపల్లిలో అయినా అంతే దూరం. వేలు వెడల్పు కూడా తేడా ఉండదు.

మరి ఎప్పుడూ, అన్ని చోట్లా ఇంతే దూరం ఉండేదా? లేదు. విశాఖపట్నానికి ఉత్తరాన, శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న రైలు 104 ఏళ్లు నడిచింది. దాని పట్టాల మధ్య దూరం మూరన్నర నాలుగు వేళ్లే. దాని పేరు పర్లాకిమిడి లైటు రైల్వే. ఆ రైలు ఎందుకు వచ్చింది? ఎలా నడిచింది? ఎందుకు ఆగిపోయింది? తెలుసుకుందాం.

గేజి అంటే ఏమిటి?

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య ఉండే దూరాన్ని గేజి అంటారు. మన దేశంలో ముఖ్యంగా మూడు రకాల గేజి లైన్లు వేశారు.

మూర అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. అది 18 అంగుళాలు. నాలుగు వేళ్లు కలిపి పెడితే 3 అంగుళాలు. ఇప్పుడు ఈ కొలతలు చూడండి.

బ్రాడ్ గేజి: 5 అడుగుల 6 అంగుళాలు. అంటే మూడున్నర మూరల నాలుగు వేళ్లు.

మీటర్ గేజి: ఒక మీటరు. అంటే సుమారు రెండు మూరల నాలుగు వేళ్లు.

నేరో గేజి: 2 అడుగుల 6 అంగుళాలు. అంటే మూరన్నర నాలుగు వేళ్లు. కొన్ని చోట్ల 2 అడుగులే ఉంటుంది. డార్జిలింగు కొండ మీదికి 1881 నుంచి నడుస్తున్న రైలు ఇలాంటిదే.

ఇంట్లో నేల మీద సుద్దతో రెండు గీతలు గీయండి. మూరన్నర నాలుగు వేళ్ల దూరంలో గీయండి. ఆ గీతల మధ్య ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. అంతే చోటు. ఆ కాస్త చోటు మీద ఒక రైలు నడిచింది. జనాన్ని, సరుకును మోసింది.

చిన్న పట్టాలు ఎందుకు వేశారు?

మన దేశంలో జనం ఎక్కిన మొదటి రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. అది బ్రాడ్ గేజి. పెద్ద లైను వేయాలంటే ఖర్చు ఎక్కువ. వెడల్పు కట్ట పోయాలి. బరువైన పట్టాలు కావాలి. పెద్ద వంతెనలు కట్టాలి. ఊరూరికీ అలాంటి లైను వేయడానికి డబ్బు చాలదు.

అందుకే కొందరు చిన్న లైను గురించి ఆలోచించారు. 1862లో బరోడా మహారాజు తన రాజ్యంలో దభోయి అనే ఊరికి చిన్న లైను వేయించాడు. దాని వెడల్పు కూడా 2 అడుగుల 6 అంగుళాలే. మొదట్లో ఆ బళ్లను ఇంజన్లు లాగలేదు. ఎద్దులు లాగాయి!

చిన్న లైనుకు ఇంకో సుళువు ఉంది. అది మలుపు తిరగడంలో ఉంది. అరకు వైపు ఆడవాళ్లు థింసా ఆడటం చూశారు కదా. నడుముల మీద చేతులు వేసుకుని వరసగా నిలబడతారు. వరస గుండ్రంగా తిరుగుతుంది. లోపలి చివర ఉన్న ఆమె చిన్న అడుగులు వేస్తుంది. బయటి చివర ఉన్న ఆమె దాదాపు పరుగెత్తాలి. వరస ఎంత పొడుగైతే ఆమెకు అంత పరుగు. వరసలో ఇద్దరే ఉంటే? ఎంత చిన్న చోటులో అయినా తిరిగిపోవచ్చు.

రైలు చక్రాలు కూడా అంతే. రెండు చక్రాలు ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. పట్టాల మధ్య దూరం తక్కువైతే ఆ తేడా తక్కువ. అందుకే చిన్న బండి గట్టి మలుపులు కూడా తిరగగలదు. కొండ అడ్డం వస్తే తవ్వక్కర లేదు. పక్క నుంచి చుట్టి పోవచ్చు. చెరువు అడ్డం వస్తే గట్టు వెంట తిరిగి పోవచ్చు. తవ్వకం తగ్గింది, కట్ట తగ్గింది, ఖర్చు తగ్గింది.

బరువు విషయం కూడా ఉంది. 1897లో మహారాష్ట్రలో బార్సీ అనే ఊరికి చిన్న లైను వేశారు. దాన్ని వేసిన ఇంజనీరు ఎవరార్డ్ కాల్‌త్రాప్. ఆయన ఒక లెక్క పెట్టుకున్నాడు. ఏ ఇరుసు మీదా 5 టన్నులకు మించి బరువు పడకూడదు. బరువును ఎక్కువ చక్రాల మీదికి పంచితే సన్న పట్టాలైనా విరగవు. పెద్ద బిందెడు నీళ్లు ఒక్కరే మోస్తే నడుము పడుతుంది. చిన్న బిందెలతో నలుగురు మోస్తే ఎవరికీ భారం కాదు. ఇదీ అంతే. బరువు తక్కువ, ఖర్చు తక్కువ కనుక ఇలాంటి వాటిని లైటు రైల్వేలు అన్నారు. లైటు అంటే ఇక్కడ తేలిక అని అర్థం. దీపం కాదు.

రాజుగారి రైలు

మద్రాసు, కలకత్తాల మధ్య తీరం వెంట పోయే పెద్ద లైనులో మన వైపు భాగాన్ని 1893 నుంచి 1896 దాకా వేశారు. మనకు తెలిసిన కోస్తా లైను ఇదే. అది శ్రీకాకుళం జిల్లాలో నౌపాడ మీదుగా పోతుంది. నౌపాడ ఉప్పుకు పేరుపడ్డ ఊరు.

నౌపాడకు 40 కిలోమీటర్ల లోపల పర్లాకిమిడి ఉంది. ఆ రోజుల్లో అది పెద్ద జమీందారీ. మద్రాసు రాష్ట్రంలో గంజాం జిల్లాలో ఉండేది. పెద్ద రైలు తమ ఊరికి రాలేదు. తామే పెద్ద రైలు దగ్గరికి పోవాలి. అక్కడి రాజు గౌరచంద్ర గజపతి తన ఊరి నుంచి నౌపాడకు లైను వేయించాలనుకున్నాడు. 1898లో బ్రిటిషు ప్రభుత్వం ఒప్పుకుంది. 1900 ఏప్రిల్ 1న లైను తెరిచారు. ఖర్చు 7 లక్షల రూపాయలు. 40 కిలోమీటర్లకు 7 లక్షలంటే కిలోమీటరుకు ఎంత? 17,500 రూపాయలు.

మొదటి పదేళ్లు లైనుకు నష్టమే వచ్చింది. 1910 తర్వాత కొంచెం కొంచెంగా లాభం వచ్చింది. ఆ పైన లైను పెంచారు. 1929లో కొంత, 1931లో కొంత వేసి, వంశధార లోయ వెంట గుణుపూరు దాకా తీసుకుపోయారు. మొత్తం 90 కిలోమీటర్లు అయింది. నౌపాడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూరు. ఇవి ఆ దారిలోని ముఖ్యమైన స్టేషన్లు.

పర్లాకిమిడికి మన చదువుతో ఒక సంబంధం ఉంది. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు చాలా ఏళ్లు ఆ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష కూడా నేర్చుకున్నారు. ఇప్పుడు మీరు ఇలాంటి మాటల్లో చదువుకుంటున్నారంటే ఆయన చేసిన పోరాటం కూడా ఒక కారణం.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి ఒడిశాలోకి పోయింది. టెక్కలి, పాతపట్నం ఇటే ఉండిపోయాయి. గిడుగు వారు ఆ ఏడే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. రాష్ట్రాల మధ్య గీత పడింది గాని, రైలు మాత్రం ఆ గీతను దాటుతూనే ఉంది. ఇటు ఎక్కిన వాళ్లు అటు దిగేవారు. అటు ఎక్కిన వాళ్లు ఇటు దిగేవారు. పెళ్లిళ్లకు, సంతలకు, ఆసుపత్రికి రెండు భాషల వాళ్లూ ఒకే పెట్టెలో పోయేవారు.

బండి ఎలా నడిచేది?

అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతుంది. ఆవిరికి అంత బలం ఉంది. ఆ బలంతోనే పాత ఇంజను నడిచేది.

ఇంజను లోపల పెద్ద నీళ్ల తొట్టి ఉంటుంది. దాని కింద కొలిమిలో బొగ్గు మండుతుంది. నీళ్లు కాగి ఆవిరి అవుతాయి. ఆ ఆవిరిని గొట్టంలోకి వదులుతారు. గొట్టంలో ఉన్న దిమ్మెను ఆవిరి ముందుకు, వెనక్కు నెడుతుంది. ఆ దిమ్మెకు కట్టిన ఇనుప కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. తిరగలి పిడి పట్టుకుని మనం తిప్పినట్టే.

ఒకరు బండి నడుపుతారు. ఒకరు బొగ్గు వేస్తూ మంట చూసుకుంటారు. దారిలో స్టేషన్లో ఆగి నీళ్లు పట్టుకుంటారు. ఈ పనులన్నిటి వల్ల బండి నెమ్మదిగా పోయేది. చివరి ఏళ్లలో ఆవిరి ఇంజన్లు తీసేసి డీజిల్ ఇంజన్లు పెట్టారు.

నౌపాడలో చిక్కు

చిన్న లైనుకు ఒక పెద్ద చిక్కు ఉంది. అది లైను మధ్యలో లేదు. లైను చివర, నౌపాడలో ఉంది.

చిన్న బండి నౌపాడ దాకా వస్తుంది. అక్కడ పెద్ద లైను ఉంది. చిన్న బండి చక్రాలు పెద్ద పట్టాల మీద పట్టవు. పెద్ద బండి చక్రాలు చిన్న పట్టాల మీద పట్టవు. కాబట్టి బస్తా బస్తా చిన్న పెట్టెలోంచి దించాలి. మళ్లీ పెద్ద పెట్టెలోకి ఎక్కించాలి. ఒకే సరుకుకు రెండు సార్లు కూలి. దించినప్పుడు బస్తా చిరిగితే నష్టం. పెద్ద పెట్టె కోసం చూస్తూ ఉంటే వాన వస్తే నష్టం.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇప్పటి పెద్ద పెట్టె ఒక్కదానిలో 55 టన్నులు పడితే, 50 కిలోల బస్తాలు ఎన్ని? 1,100 బస్తాలు. ఒక్క పెట్టెకే 1,100 సార్లు దించడం, 1,100 సార్లు ఎక్కించడం.

మనుషులకూ ఇదే బాధ. విశాఖపట్నం పెద్దాసుపత్రికి పోవాలంటే నౌపాడలో బండి మారాలి. చంటిబిడ్డ తల్లి, నడవలేని ముసలమ్మ, మూటా ముల్లే దించుకుని ఇంకో బండి కోసం కూర్చోవాలి.

ఇల్లు కట్టేటప్పుడు డబ్బు చాలక సన్నటి గుమ్మం పెట్టామనుకోండి. అప్పటికి అది సరిపోతుంది. తర్వాత మంచం కొన్నా, బీరువా కొన్నా లోపలికి పట్టదు. విప్పి లోపల పెట్టుకోవాలి. చిన్న లైను సంగతి అలాంటిదే.

పట్టాలు మార్చారు

దేశమంతటా ఈ చిక్కు ఉంది. అందుకే 1992లో రైల్వే వాళ్లు చాలా లైన్లను ఒకే గేజికి మార్చే పని మొదలుపెట్టారు. 2002లో నౌపాడ-గుణుపూరు లైను మార్చడానికి శంకుస్థాపన జరిగింది. 2004 జూన్‌లో చిన్న బండి ఆగిపోయింది.

తర్వాత ఏమైంది? పట్టాలు ఒక రోజులో మారవు. కట్ట వెడల్పు చేయాలి. వంతెనలు మళ్లీ కట్టాలి. మలుపులు సరిచేయాలి. నౌపాడ నుంచి పర్లాకిమిడికి పెద్ద బండి 2010లో వచ్చింది. గుణుపూరుకు 2011లో వచ్చింది. అంటే పర్లాకిమిడి వాళ్లు ఆరేళ్లు, గుణుపూరు వాళ్లు ఏడేళ్లు రైలు లేకుండా ఉన్నారు. ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలు బడికి పోయే వయసు వచ్చేదాకా తమ ఊళ్లో రైలు చూడలేదు.

పెద్ద లైను వచ్చాక విశాఖపట్నం నుంచి గుణుపూరుకు నేరుగా పాసింజరు బండి నడిచింది. నౌపాడలో దిగి బండి మారే పని తప్పింది. బస్తాలు దించి ఎక్కించే పని తప్పింది. పాత చిన్న ఇంజన్లలో కొన్నిటిని జనం చూడటానికి దాచి ఉంచారు.

మరి చిన్న లైను వేయడం తప్పా?

తప్పు అనలేం. 1900లో పెద్ద లైను కోసమే కూర్చుని ఉంటే, ఆ పల్లెలకు ఇంకా ఎన్నో ఏళ్లు రైలు వచ్చేది కాదేమో. చేతిలో ఉన్న డబ్బుతో లైను వేశారు. మూడు తరాల వాళ్లు దాని మీద తిరిగారు. కాని ముందు మిగిలిన డబ్బు తర్వాత కూలి రూపంలో, ఆలస్యం రూపంలో కొంచెం కొంచెంగా పోయింది. చివరికి అంతా విప్పి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఏ పనికైనా ఇది వర్తిస్తుంది. ఈ రోజు ఖర్చు ఒక్కటే చూస్తే చాలదు. రేపటి అవసరం ఒక్కటే చూస్తే ఈ రోజు పని జరగదు. రెండూ పక్కపక్కన పెట్టి లెక్క వేయాలి.

ఇప్పుడు మళ్లీ పరవాడకు వద్దాం. తాల్చేరు వైపు నుంచి కోస్తా లైను మీద వచ్చే బళ్లు ఆ నౌపాడ మీదుగానే విశాఖపట్నం వస్తాయి. ఒకప్పుడు బొగ్గును ఇంజను కొలిమిలోనే వేసి బండి నడిపేవారు. ఇప్పుడు బొగ్గును విద్యుత్ కేంద్రాల్లో మండించి, ఆ కరెంటుతో బండి నడుపుతున్నారు. గనిలో తవ్విన బొగ్గు ఒక్క చోట కూడా దించకుండా పరవాడ దాకా వస్తోందంటే, దారి పొడవునా పట్టాల మధ్య దూరం ఒకటే కావడం వల్లనే.

ఈసారి స్టేషనుకు వెళ్లినప్పుడు పసుపు పచ్చ బోర్డు ముందు ఆగండి. ఊరి పేరు తెలుగులో చదవండి. ఆ ఊరు సముద్రం కంటే ఎంత ఎత్తున ఉందో కూడా ఆ బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ అంకె చదవండి.

చర్చించండి

1. గేజి అంటే ఏమిటి? మూర కొలతలో మూడు గేజులు చెప్పండి.

2. చిన్న బండి గట్టి మలుపు ఎందుకు తిరగగలదు? థింసా వరసలో నిలబడి చూపించండి.

3. నౌపాడలో సరుకు ఎందుకు దించాల్సి వచ్చేది? దానివల్ల ఎవరికి పని దొరికేది? ఎవరికి ఖర్చయ్యేది?

4. మీ ఊళ్లో రోడ్డు, కాలువ, బడి గది ఏదైనా ముందు చిన్నగా కట్టి తర్వాత పెంచారా? అప్పుడు మిమ్మల్ని అడిగారా?