పడిశం పట్టినప్పుడు పొట్టను మరవకండి

‘పడిశం పది రోగాల పెట్టు’ అన్నారు మన పెద్దలు. ముక్కు కారడం, గొంతు గరగర, ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం... నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుందిలే అనుకుంటాం. జ్వరం దిగుతుంది గాని ఆకలి పుట్టదు. తిన్నది అరగదు. రోజుకు నాలుగైదు సార్లు విరేచనం. “రొంప తగ్గింది గాని ఒంట్లో ఓపిక లేదు” అని వాపోతారు. ముక్కుకు పట్టిన జబ్బుకూ పొట్టకూ సంబంధం ఏమిటని మీకు అనుమానం రావచ్చు.

సంబంధం ఉంది. అది అందరూ తెలుసుకోవలసిందే. బారువ, సోంపేట, కవిటి, పలాస వంటి ఉద్దానం ఊళ్లలో ఉంటున్నవారు మరీ తెలుసుకోవాలి.

పేగులో కాపురం

మన పెద్దపేగులో కోటానుకోట్ల బాక్టీరియా కాపురం ఉంటాయి. పేరు వినగానే భయపడకండి. వీటిలో చాలా భాగం మనకు మేలు చేసేవే. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని ఇవి పులియబెట్టి, పేగు లోపలి పొరకు కావలసిన ఆహారం తయారుచేస్తాయి. చెడ్డ క్రిములకు చోటివ్వవు.

ఊపిరితిత్తులకు వైరస్ సోకినప్పుడు ఈ కాపురం చెదరవచ్చు. వైరస్‌తో పోరాడటానికి శరీరం విడుదల చేసే రసాయనాలు రక్తంతో పాటు పేగుకూ చేరతాయి. జ్వరంలో మనం సరిగా తినం; మనం పస్తుంటే అవీ పస్తే. పైగా కరోనా వంటి వైరస్ పేగు కణాలలోకి కూడా చొరబడగలదు.

2020లో హాంకాంగ్ పరిశోధకులు ఆసుపత్రిలో చేరిన కరోనా రోగుల మలాన్ని పరీక్షించారు. యాంటీబయాటిక్స్ వాడనివారిలో సైతం మంచి బాక్టీరియా తగ్గినట్లు తేలింది. 2021లో అక్కడి పరిశోధకులు ప్రచురించిన 100 మంది రోగుల పరిశీలనలో, జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఈ తేడా ఎక్కువగా కనిపించింది. వైరస్ పోయిన నెల రోజులకు కూడా ఆ తేడా పూర్తిగా సర్దుకోలేదు. బాక్టీరియా తగ్గడం వల్లనే జబ్బు ముదిరిందని మాత్రం ఆ పరిశీలన నిరూపించలేదు.

మనం చేసే పొరపాటు

మందుల షాపుకు వెళ్లి “జ్వరానికీ దగ్గుకీ మూడు రోజులకు మందులివ్వు బాబూ” అంటాం. పొట్లంలో ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర ఉంటాయి. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపలేదు. అది చంపేది బాక్టీరియాను. చెడ్డవాటితో పాటు మంచివాటినీ. అసలే చెదిరిన కాపురం మీద ఇది మరో దెబ్బ. విరేచనాలు పట్టుకోవడానికి చాలాసార్లు ఇదే కారణం. న్యుమోనియా వంటిది తోడై డాక్టరు రాసి ఇస్తే అది వేరు. అప్పుడు ఆ మందే ప్రాణం నిలబెడుతుంది. చెప్పినన్ని రోజులూ వాడాలి.

ఉద్దానంలో ఎందుకు జాగ్రత్త?

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బుకు మూలకారణం మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. ఇది చాలాకాలం పైకి కనబడకుండా లోలోపల ముదురుతుంది.

అటువంటి మనిషికి జ్వరం, విరేచనాలు వచ్చి ఒంట్లో నీరు తగ్గిందనుకోండి. మూత్రపిండాలకు రక్తం చాలినంత అందదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఆ అందే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. జ్వరం పూర్తిగా దిగకముందే ఎండలో తోటపనికి పోతే చెమటతో ఉన్న నీరూ పోతుంది.

ఏం చేయాలి?

1. జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి.

2. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగించండి. అది దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువ కాకూడదు.

3. లంఖణం వద్దు. గంజి, పెరుగన్నం, చోడి అంబలి కొద్దికొద్దిగా పెట్టండి. ఆకలి పుట్టాక పప్పు, కూరలు, పళ్లు చేర్చండి. మంచి బాక్టీరియాకు కావలసింది పీచే. ఖరీదైన కాప్స్యూల్స్ కోసం పరుగెత్తనక్కరలేదు.

4. మన తీరంలో చేతికందేది కొబ్బరి బొండాం. తక్కినవారికి మంచిదే గాని, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అందులోని పొటాషియం గుండెకు ముప్పు తేవచ్చు. అరటిపండు, పళ్లరసాల సంగతీ అంతే. వారు ఎన్ని నీళ్లు తాగాలో, ఓఆర్‌ఎస్ ఎంత తాగాలో కూడా డాక్టరునే అడగాలి.

ఆయాసం, మలంలో రక్తం, మగత, మూడు రోజులకూ దిగని జ్వరం, పూటంతా మూత్రం రాకపోవడం... వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం మానేసి ఆసుపత్రికి వెళ్లండి. మీ ఇంట్లో ఎవరికైనా మూత్రపిండాల జబ్బు ఉంటే, ఏ మందు పుచ్చుకునేముందైనా ఆ మాట డాక్టరుకు మొదట చెప్పండి. వారు అడిగేదాకా ఆగవద్దు.