ముక్కు, శ్వాసమార్గాల నుండి రక్తస్రావం

ముక్కు రంధ్రాల నుండి రక్తం కారడాన్ని వైద్య పరిభాషలో ఎపిస్టాక్సిస్ అంటారు. ఇది పదేళ్ళలోపు పిల్లలలోను, యాభై ఏళ్ళు దాటినవారిలోను ఎక్కువ. చూడడానికి భయం గొలిపినా చాలావరకు అపాయం లేనిది. దగ్గుతో పాటు ఊపిరితిత్తుల నుండి వచ్చే రక్తం (హిమాప్టసిస్) సంగతి వేరు. దానిని ఎన్నడూ తేలికగా తీసుకోరాదు.

ముక్కు నిర్మాణం

పీల్చిన గాలిని వెచ్చబరచి, దానికి తేమ చేర్చడం ముక్కు చేసే పని. అందుకోసం ముక్కు లోపలి పలుచని పొర కింద రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. రెండు రంధ్రాల మధ్య గోడకు ముందు భాగాన నాలుగైదు ధమనుల కొసలు ఒకచోట కలుస్తాయి. ఈ చోటును 19వ శతాబ్దంలో వర్ణించిన ఇద్దరు వైద్యుల పేర్ల మీదుగా లిటిల్ ప్రాంతమనీ, కీసెల్‌బాక్ అల్లిక అనీ పిలుస్తారు. సుమారు 90 శాతం రక్తస్రావాలు ఇక్కడి నుండే మొదలవుతాయి. వేలిగోరు సులువుగా అందేదీ ఇక్కడికే. ముక్కు వెనుక భాగంలోని పెద్ద ధమనుల నుండి వచ్చే రక్తస్రావం అరుదు. ఇది ఎక్కువగా వృద్ధులలో కనిపిస్తుంది. రక్తం గొంతులోకి దిగిపోతుంది కనుక త్వరగా బయటపడదు, సులభంగా ఆగదు.

కారణాలు

పిల్లలలో ముఖ్య కారణం ముక్కులో వేలు పెట్టి పొక్కులు గిల్లడం. జలుబు, అలర్జీ, గట్టిగా చీదడం, దెబ్బ తగలడం తరువాతివి. వేసవిలో ముక్కు నుండి రక్తం వస్తే "వేడి చేసింది" అనడం, ఆ నేరాన్ని మామిడిపండ్ల మీద మోపడం తెలుగువారికి అలవాటు. వేసవిలో ఎక్కువన్న మాట కొంతవరకు నిజమే కాని, కారణం తిన్న పండు కాదు. పొడిగాలికి లోపలి పొర ఎండి పగలడమే. ఏ.సి. గదులలోనూ ఇదే జరుగుతుంది.

పిల్లవానికి ఒక ముక్కు నుండి మాత్రమే దుర్వాసనతో కూడిన చీము, రక్తం వస్తుంటే లోపల బలపం ముక్కో, చింతగింజో ఇరుక్కుందని అనుమానించాలి. అది బటన్ బ్యాటరీ అయితే కొన్ని గంటలలోనే లోపలి కణజాలాన్ని కాల్చివేస్తుంది కనుక వెంటనే తీయించాలి. కౌమారంలోని మగపిల్లలకు పదేపదే ఎక్కువగా రక్తం పోతుంటే ముక్కు వెనుక యాంజియోఫైబ్రోమా అనే గడ్డ ఉందేమో చూడాలి. దక్షిణ భారతదేశంలోను, శ్రీలంకలోను చెరువులలో స్నానం చేసేవారికి రైనోస్పొరిడియోసిస్ వ్యాధి వలన ముక్కులో ఎర్రని, తాకితే రక్తం కారే కండ పెరుగుతుంది.

పెద్దలలో ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటి మందులు, కాలేయ వ్యాధులు, అధిక రక్తపోటు రక్తస్రావాన్ని త్వరగా ఆగనివ్వవు. హీమోఫిలియా, డెంగీ జ్వరాలలో రక్తం గడ్డకట్టే గుణమే దెబ్బతింటుంది.

ప్రథమ చికిత్స

రోగిని కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచాలి. ముక్కు కింది మెత్తని భాగాన్ని బొటనవేలు, చూపుడువేళ్ళతో గట్టిగా నొక్కి పట్టి, నోటితో గాలి పీల్చమనాలి. 10 నుండి 15 నిమిషాల వరకు వదలరాదు. ఆగిందా లేదా అని మాటిమాటికి తీసి చూడడమే చాలామంది చేసే పొరపాటు. వెల్లకిలా పడుకోబెట్టి తలపై నీళ్ళు పోయడం మన ఇళ్ళలో మామూలు. అలా చేస్తే రక్తం గొంతులోకి జారి వాంతి కావచ్చు, ఊపిరికి అడ్డం పడవచ్చు. ఉల్లిపాయ వాసన చూపించడం వలన ఉపయోగం లేదు. 20 నిమిషాలకూ ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా, రోగి పాలిపోయి నీరసించినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అక్కడ రక్తనాళాన్ని మాడ్చడమో, ముక్కులో గాజుగుడ్డ కూరడమో చేస్తారు.

దగ్గులో రక్తం

ఇది ఎర్రగా, నురుగుతో, కళ్ళెతో కలిసి ఉంటుంది. కడుపు నుండి వాంతిలో వచ్చే రక్తం తరచు నల్లగా, కాఫీపొడి రంగులో ఉంటుంది. ముక్కు రక్తం గొంతులోకి దిగి ఉమ్మిలో కనబడడం కూడా కద్దు కనుక ముందు ముక్కును పరీక్షిస్తారు. భారతదేశంలో దగ్గులో రక్తానికి ప్రధాన కారణం క్షయ. వ్యాధి నయమైన తరువాత కూడా మిగిలిన మచ్చల నుండి, గుల్లల నుండి రక్తం రావచ్చు. బ్రాంకైటిస్, బ్రాంకియెక్టాసిస్, న్యుమోనియా, ఊపిరితిత్తుల క్యాన్సర్, కీళ్ళవాత జ్వరం వలన గుండెలోని మిట్రల్ కవాటం ఇరుకు కావడం ఇతర కారణాలు. రక్తం ఎక్కువగా పడినపుడు ప్రాణాపాయం సాధారణంగా రక్తం తగ్గిపోవడం వలన కాక, శ్వాసనాళాలు దానితో నిండి ఊపిరాడకపోవడం వలన కలుగుతుంది. ఏ వైపు ఊపిరితిత్తి నుండి వస్తున్నదో తెలిస్తే రోగిని ఆ వైపుకే ఒత్తిగిల్లి పడుకోబెడతారు. ఆవిధంగా రెండవ ఊపిరితిత్తిలోకి రక్తం చేరదు. రెండు వారాలకు మించిన దగ్గు ఉన్నవారు, ఒక్కసారైనా కళ్ళెలో రక్తం చూసినవారు కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోవాలి. క్షయకు పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.