తొర్ర చెట్టు: నలుపు తెలుపు ఛాయాచిత్రణ

తొర్ర పడిన చెట్టును చాలామంది చచ్చిన చెట్టు కిందే లెక్కగడతారు. ఫొటో తీసే విద్యార్థి ముందు దాని నిర్మాణం తెలుసుకోవాలి. కాండం నడుమ ఉండే చేవలో జీవకణాలు ఉండవు. కొమ్మ విరిగిన చోట నుంచి శిలీంధ్రాలు ప్రవేశించి దాన్ని కుళ్ళబెడతాయి. నీటిని పైకి చేరవేసేది చేవ చుట్టూ ఉండే రసదారువు. ఆహారాన్ని కిందికి దించేది బెరడు లోపలి పొర. ఈ రెండూ నిలిచినంత కాలం చింతయినా వేపయినా బోలు కాండంతోనే చిగురిస్తుంది.

గోల్కొండ నయాఖిలాలోని ‘హాతియాన్ కా ఝాడ్’ సంగతి కొంచెం వేరు. అది ఆఫ్రికా జాతి బావోబాబ్. చుట్టుకొలత సుమారు 27 మీటర్లు, లోపల మనుషులు నిలబడేంత బోలు. ఈ జాతిలో పలు కాండాలు వలయంగా కలిసిపోయి నడుమ ఖాళీ మిగలడం కూడా ఉంది. పేరుకు ‘ఏనుగుల చెట్టు’. ఆ బూడిదరంగు బెరడు మడతలకు నలుపు తెలుపులో ఆ పేరు ఇంకా బాగా నప్పుతుంది.

ఇక కెమెరా. లైట్ మీటర్ తాను చూసిన దేన్నయినా మధ్యస్థమైన బూడిద ఛాయగా లెక్కిస్తుంది. తొర్ర చీకటిని కొలిస్తే చీకటి బూడిదగా మారి, ఎండ పడిన బెరడు తెల్లగా తేలిపోతుంది. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతి ఇక్కడ పనికివస్తుంది. ఫిల్మ్ అయితే తొర్ర లోపలి గోడను కొలిచి రెండు స్టాపులు తగ్గించండి. నలుపులోనూ కర్ర నార కనిపిస్తుంది. డిజిటల్ అయితే ముందు ఎండ పడిన బెరడును కాపాడుకోండి. నీడలో వివరాన్ని తరువాత కొంత రాబట్టవచ్చు, తెలుపులో పోయింది తిరిగి రాదు.

అభ్యాసానికి తార్నాక వైపు నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోకి ఉదయం ఏడింటికే నడవండి. పక్కవెలుగులోనే బెరడు గరుకుదనం తెలుస్తుంది. మధ్యాహ్నం అంతా చదునే. ట్రైపాడ్ తప్పనిసరి. చిలుకలు, గూబలు లోపల ఉంటే ఫ్లాష్ వద్దు.

తొర్రను మాత్రమే దగ్గరగా తీసిన చిత్రం, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ‘ఎలాగూ బోలుదే కదా’ అనే మాటకు సాక్ష్యంగా మారవచ్చు. అందుకే చిగురు కొమ్మను, తొర్ర అంచున మడతగా పెరిగిన కొత్త బెరడును కూడా అదే చిత్రంలో చూపించండి. తేదీ, స్థలం, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున కొలిచిన చుట్టుకొలత వెనుక రాయండి. పదేళ్ల తరువాత అదే చోట నిలబడి ఫొటో తీసేవారికి అవి కావాలి.