గురక మధ్యలో ఆగే ఊపిరి

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడి మరమగ్గాల షెడ్లలో 12 గంటల షిఫ్టు మామూలు. రాత్రంతా మగ్గం నడిపి వచ్చిన మనిషి పగలు గురక పెడుతుంటే, హాయిగా నిద్రపోతున్నాడని ఇంట్లోవారు చప్పుడు చేయకుండా తప్పుకొంటారు. గుర్రుపెట్టి నిద్రపోవడమంటే ఒళ్లెరగని నిద్ర అనే అర్థం మన వాడుకలోనే ఉంది. వైద్యులు మాత్రం ఆ మాట ఒప్పుకోరు.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. గాలి వెళ్లే దారి ఇరుకైనప్పుడు కొండనాలుక, దాని చుట్టూ ఉండే మెత్తని భాగాలు అదిరి శబ్దం చేస్తాయి. జలుబు చేసినప్పుడో, వెల్లకిలా పడుకున్నప్పుడో అప్పుడప్పుడు వచ్చే గురకతో సాధారణంగా ప్రమాదం లేదు. దారి పూర్తిగా మూసుకుపోతేనే చిక్కు. అప్పుడు ఛాతీ ఎగసిపడుతున్నా గాలి లోపలికి పోదు. గురక హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత ఉక్కిరిబిక్కిరిగా మళ్లీ మొదలవుతుంది. గమనించవలసింది ఆ నిశ్శబ్దాన్నే. ఆక్సిజన్ తగ్గగానే మెదడు మనిషిని లిప్తపాటు లేపుతుంది. లేచాక అతనికి అదేదీ గుర్తుండదు. అందుకే పక్కన పడుకున్నవారు చెప్పే మాటకు వైద్యులు ఎంతో విలువ ఇస్తారు.

ఇదే స్లీప్ అప్నియా. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే ఒకసారిగా లెక్కిస్తారు. శ్వాస ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 సార్లు దాటితే వ్యాధి ఉన్నట్లు, 30 దాటితే తీవ్రంగా ఉన్నట్లు పరిగణిస్తారు. దీనితో అధిక రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రాల సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో మరణించినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఈ వ్యాధే.

రాత్రి పని చేసేవారిలో దీన్ని గుర్తించడం కష్టం. పగటి మగతను షిఫ్టు ఖాతాలో వేసేస్తారు. సెలవు రోజున కడుపునిండా నిద్రపోయినా మగత వదలకపోతే, లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం ఉంటే అనుమానించాలి. నడుస్తున్న మగ్గం దగ్గర, షిఫ్టు దిగి బండి నడిపేటప్పుడు ఒక్క కునుకు చాలు ప్రాణం మీదికి రావడానికి. నిద్ర పట్టడానికని మద్యం తాగితే గొంతు మరింత సడలుతుంది. నిద్రమాత్రలు కూడా వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యునికి గానీ ఊపిరితిత్తుల వైద్యునికి గానీ చూపించుకోవాలి. నిద్ర పరీక్షలో శ్వాస, ఆక్సిజన్, గుండె వేగం నమోదు చేస్తారు. కొందరికి ఇంట్లోనే పరికరం అమర్చి ఈ పరీక్ష చేయవచ్చు. వ్యాధి స్వల్పంగా ఉంటే బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం మేలు చేస్తాయి. కింది దవడను ముందుకు నిలిపే దంత పరికరాలూ ఉన్నాయి. టాన్సిల్స్ పెరిగిన పిల్లలకు శస్త్రచికిత్సతో చాలావరకు నయమవుతుంది. పెద్దల్లో దాని ఫలితం అందరికీ ఒకేలా ఉండదు.

వ్యాధి ముదిరినవారికి ప్రధాన చికిత్స సీప్యాప్ యంత్రం. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో వెలువరించిన ఈ పద్ధతిలో మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడి గొంతును తెరిచి ఉంచుతుంది. యంత్రం ధర వేల రూపాయల్లో ఉంటుంది. పైగా మొదటి వారాల్లోనే చాలామంది మాస్కు పక్కన పడేస్తారు. తరచుగా అది సరైన కొలతది కాకపోవడమే కారణం, మార్పిస్తే సరిపోతుంది. మరే జబ్బుకైనా ఆపరేషన్ అవసరమైతే, మత్తు ఇచ్చే వైద్యునికి గురక సంగతి ముందే చెప్పాలి.