పరాయి వాకిట రెండేండ్లు

జపాను దేశపు నగరములలో సాయంకాలమున వీధి వెంట పోవువారికి ఒక్కొక్కప్పుడు ఒక దృశ్యము కనబడును. తెల్లచొక్కాలు తొడిగి, మెడకు టై కట్టి, జేబుపై నల్లని పేరుపలక తగిలించుకొన్న పడుచువాండ్రిద్దరు సైకిళ్ళు దిగి ఒక యింటి గంట నొక్కుదురు. లోపలినుండి మర్యాదగనే ‘వద్దు’ అను మాట వినవచ్చును. వారు తల వంచి నమస్కరించి ప్రక్క యింటికి సాగుదురు. వయస్సు పందొమ్మిదియో, ఇరువదియో. వీరెవరు? కన్నవారిని, కళాశాలను విడిచి యింత దూర మేల వచ్చిరి? వీరి దినము లెట్లు గడచును?

లోకము మార్మనులని పిలుచు క్రైస్తవ శాఖకు వీరు చెందినవారు. ఆ సంఘమును 1830 ఏప్రిల్ 6వ తేదీన న్యూయార్కు రాష్ట్రములో జోసెఫ్ స్మిత్ స్థాపించెను. దాని అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. బైబిలుతోపాటు మార్మన్ గ్రంథమును గూడ వారు పవిత్రముగా నెంతురు. ప్రధాన కేంద్రము యూటా రాష్ట్రమందలి సాల్ట్ లేక్ నగరము. ఈ సంఘపు యువకులు రెండేండ్లు, యువతులు పదునెనిమిది మాసములు మతప్రచార సేవ చేయుట ఆచారము. 2024 సంవత్సరాంతమున ఇట్టివారు ప్రపంచమున 74,000 మందికి పైగా నుండిరి.

ఈ సేవకు జీతము లేదు. పైగా ఖర్చు వారిదే. అమెరికా యువకుని కుటుంబము నెలకు చెల్లించు సొమ్ము 2020 జూలైలో 400 డాలర్ల నుండి 500 డాలర్లకు పెరిగెను. పోవలసిన దేశమును తాము కోరుకొనుటకు వీలు లేదు. పిలుపు వచ్చిన దినమున ఇంటిల్లిపాది కూర్చుండగా దానిని చదివినప్పుడే, తాను పోవునది పొరుగు రాష్ట్రమునకో, సముద్రముల కావలికో ఆ కుర్రవానికి తెలియును.

పరభాష నేర్వవలసిన వారికి ప్రొవో పట్టణమందలి శిక్షణాలయము వంటి చోట్ల కొన్ని వారములు పాఠములు చెప్పుదురు. కొన్ని వారములలో జపాను భాష యెంత పట్టుబడును? పెద్దవారితో నొకరీతిగా, సాటివారితో మరొకరీతిగా మాటాడవలసిన భాష యది. నీవు, మీరు అను భేద మెరిగిన మనకు ఆ చిక్కు కొంత బోధపడును. ముసలామెను చనువుగా పలుకరించి నాలుక కరచుకొనుట తొలి మాసములలో మామూలు.

దినచర్య గడియారమునకు కట్టిన బ్రదుకు. ఉదయము ఆరున్నరకు లేచుట, కొంత వ్యాయామము, పిదప గ్రంథపఠనము, భాషాభ్యాసము. ఆపై వీధులు, ఇండ్లు. రాత్రి పదిన్నరకు నిద్ర. 2017లో ఈ పట్టికను స్థానిక పరిస్థితులనుబట్టి కొంత సడలించిరి. సడలని నియమ మొకటి కలదు: ప్రచారకు డెన్నడును ఒంటరిగా తిరుగరాదు. వెంట ఒక సహచరు డుండవలెను. ఆ సహచరుని ఎన్నుకొనువారు పై అధికారులు. ఎన్నడు నెరుగని వానితో ఒకే గదిలో వండుకొని, తిని, నిద్రించవలెను. ఒకనికి గురక, ఒకనికి గిన్నెలు కడుగుటలో బద్ధకము. అలిగి తలుపు వేసికొని పోవుటకు వీలు లేదు. ఇంచుమించు ఆరు వారముల కొకమారు మార్పులు జరుగును. స్నేహము కుదిరిన వేళకే ఎడబాటును రావచ్చును.

అతిథిమర్యాద మరియొక పరీక్ష. 1833 నాటి ఒక ఉపదేశమునుబట్టి ఈ సంఘమువారు మద్యము, పొగాకు, కాఫీ, తేయాకు ముట్టరు. జపానులో గడప దాటిన అతిథికి ముందుగా నిచ్చునది పచ్చ తేనీరు. చేతి కందించిన పాత్రను కాదనుట యెట్లు? తమ నియమమును వినయముతో వివరించి, బార్లీ గింజలు వేయించి కాచిన నీటిని పుచ్చుకొందురు.

వారమున కొకదినము బట్టలు ఉతుకుకొనుటకు, ఇంటికి వ్రాసికొనుటకు విడుపు. 2019 ఫిబ్రవరికి పూర్వము తల్లిదండ్రులతో టెలిఫోనులో మాటాడుట సాధారణముగా ఏడాదికి రెండు మారులే: క్రిస్మసునాడు, మాతృదినమునాడు. నాటినుండి వారమున కొకమారు మాటాడ ననుమతించిరి. తల్లి కంఠము వారము వారము వినుట బెంగను తీర్చునో, పెంచునో అనుభవించినవారికే యెరుక.

ఇంత కష్టమునకు ఫలమెంత? ఇందులకు పాత యుదాహరణ మొకటి చూతము. 1901 ఆగస్టులో హీబర్ గ్రాంట్ అను పెద్దతో ముగ్గురు ప్రచారకులు యొకొహామా రేవున దిగిరి. వారిలో ఆల్మా టేలర్‌కు పందొమ్మిదేండ్లు. వచ్చినవారు మార్మనులని తెలిసి ఒక వసతిగృహమున చోటీయరైరి. బహుభార్యాత్వమును 1890లోనే ఆ సంఘము అధికారికముగా విడిచినను, ఆ అపవాదు వారికంటె ముందే రేవు చేరియుండెను. టేలర్ ఆ భాషను పట్టుదలతో నేర్చి, మార్మన్ గ్రంథానువాదమును నడిపి 1909లో ప్రకటింపజేసెను. మరుసటి యేట, ఇరువది యేడేండ్ల వయస్సున, స్వదేశమునకు మరలెను. 1924లో ఆ శాఖను మూసివేయునాటికి ఇరువది మూడేండ్ల శ్రమచే చేరినవారు రెండు వందలకైనను తూగలేదు. అది మరల తెరువబడినది 1948లో.

లెక్కలు చూచిన ఇది ఓటమియే. నేటి కుర్రవానికిని దినదినము ఎదురగునది ఈ లెక్కయే. నూరు తలుపులు మూసికొనిన దినమున లోపమెవరిదను ప్రశ్న రాత్రి నిద్ర రానీయదు. తన మాటదా? తన భక్తిదా? దేహమో, మనస్సో చెడి గడువు తీరకముందే ఇల్లు చేరువారును కలరు. ఊరిలో స్వాగతమునకు మారుగా గుసగుసలు వినబడునేమోయని వారి భయము. 2020లో మహమ్మారి వలన వేలాదిమంది ఒక్కుమ్మడి వెనుకకు మరలిరి. ఆ యేడు మాత్రము కారణమడిగినవారు లేరు.

ఈ కథ మనకును కేవలము దూరపుది కాదు. ఈ సంఘపు స్టేక్ అను ప్రాంతీయ మండలి భారతదేశమున మొదట ఏర్పడినది 2012లో, హైదరాబాదునందే.

పరమతబోధ మనకు రుచింపకపోవచ్చును. వద్దని చెప్పుట గృహస్థుని హక్కు. కాని వద్దనుటలోను రెండు విధములు కలవు. ఎండలో వచ్చిన పరదేశి పిల్లవానికి గ్రుక్కెడు మంచినీళ్ళిచ్చి ‘మా దారి మాకున్నది నాయనా’ అనిన, అతడు చిన్నబోడు. ఆ రాత్రి ఇంటికి వ్రాయు ఉత్తరములో మూసిన నూరు తలుపుల మాట వ్రాయునో లేదో కాని, ఆ మంచినీళ్ళ మాట తప్పక వ్రాయును.